పౌడర్ లేని మూడు వారాలు

1950 నవంబరు 15, బుధవారం. ఉదయం ఏడున్నరకు జనగామ జనానా దవాఖాన వెనుక వరండాలో గ్లౌజులు ఆరేస్తున్న ఆయా అంజమ్మ కడుపు పట్టుకుని కింద కూర్చుంది. తొమ్మిది జతల్లో ఆరు తీగ మీద ఉన్నాయి. మూడు బకెట్లో ఉన్నాయి. ఇరవై నిమిషాలు అలాగే కూర్చుని, లేచి, మిగిలిన మూడు జతలూ ఆరేసింది.

ఆ నొప్పికి రెండేళ్లు దాటాయి. 1948 ఏప్రిల్‌లో, రజాకార్ల కాలంలో, ఇదే దవాఖానలో ఆమె కడుపులోంచి గడ్డ తీశారు. గడ్డతో వచ్చిన బాధ పోయింది. ఐదు నెలలకు ఈ బాధ వచ్చింది. తిన్న గంటకు బొడ్డు కింద కుడివైపు ఎవరో లోపలినుంచి పట్టుకుని గుంజినట్టు మొదలవుతుంది. జావలాంటి గటక తాగితే తక్కువ. జొన్నరొట్టె తింటే ఎక్కువ. అందుకని ఆమె రొట్టె మానేసింది. చేయడం మానలేదు. రోజూ తెల్లవారుజామున మొగుడు దుర్గయ్యకూ అత్తకూ మరిదికీ కలిపి పన్నెండు రొట్టెలు చేసి, గటక తాగి దవాఖానకు వచ్చేది. దుర్గయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల మీద నడిచే మనిషి కనుక అతనికి ఐదు రొట్టెలు. నొప్పి వచ్చిన పూట ఆమె గోడకు ఆనుకుంటే అత్త దుర్గయ్యతో అనేది: "దవాఖానల తిరుగుతది గద, రోగాలన్ని నేర్చుకొచ్చింది. అంట్లు ముందలున్నప్పుడే లేస్తది దాని నొప్పి." దుర్గయ్య అవునని అనేవాడు కాదు, కాదని అనేవాడు కాదు. "ఆ అంట్లు కడిగి పండుకో" అనేవాడు.

దవాఖానలో ఆమెను పెట్టుకున్నది ఊడవడానికి, మంచాలు సర్దడానికి. గ్లౌజులు ఎవరి పని అన్నది ఎక్కడా రాసిలేదు. 1944లో ఒక నర్సు పెళ్లి చేసుకుని వెళ్లిపోతూ ఆమెకు చూపించింది. అప్పటినుంచి అది ఆమె పని. ఆపరేషన్లు మంగళవారం, శుక్రవారం. మర్నాడు ఉదయం గ్లౌజులు సబ్బుతో కడగాలి. ఒక్కోదానిలో నీళ్లు నింపి వేళ్లు నొక్కి, చిల్లి ఉంటే గుర్తుపెట్టి అతుకు వేయాలి. ఆరాక లోపలా బయటా పౌడర్ చల్లాలి. చల్లకపోతే రబ్బరు రబ్బరుకు అంటుకుంటుంది, విడదీస్తే చిరుగుతుంది. జత చేసి గుడ్డలో చుట్టి, ఆరున్నర, ఏడు, ఏడున్నర అని సైజు నంబరు రాసి ఆవిరి పెట్టెలో పెట్టాలి. ఆ నంబర్ల కోసం ఆమె అంకెలు నేర్చుకుంది. తర్వాత అక్షరాలు నేర్చుకుంది. డాక్టర్ రాధ చేతికి గ్లౌజు ఒక్క గుంజుకు ఎక్కేది. "అంజమ్మ చేతి జత వెన్నలా దూరుతుంది" అనేవారు ఆవిడ. బందరు మనిషి, మద్రాసులో చదివారు. దవాఖానలో అంజమ్మ పని గురించి ఎవరైనా అన్న మాట అదొక్కటే. అందుకని అంజమ్మ పౌడర్ ఒక చిటికెడు ఎక్కువే చల్లేది.

ఆ రోజు ఆమె కింద కూర్చోవడం డాక్టర్ కిటికీలోంచి చూశారు. లోపలికి పిలిచి బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కారు. ఎప్పుడు, ఏం తింటే, ఎంతసేపు అని అడిగారు. అంజమ్మను ఈ మూడు ప్రశ్నలూ అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఆమె జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

"లోపల పేగులు అతుక్కున్నాయి అంజమ్మా" అన్నారు డాక్టర్. "కోసినచోట మానేటప్పుడు పొరలు పుడతాయి. పౌడర్ చల్లకుండా ఆరేస్తే రెండు గ్లౌజులు అంటుకుంటాయి చూశావా? అలా."

అంజమ్మ పడుకునే ఆలోచించింది. "అట్లయితె పేగులకు గూడ జర పౌడర్ సల్లాల్సింది గదమ్మా."

డాక్టర్ నవ్వారు. "పేగులకు పౌడరా!" తర్వాత అల్మారా తెరిచి గోధుమరంగు సీసా ఒకటి చూపించారు. బొంబాయినుంచి నాలుగు వచ్చాయి, మూడు వాడేశారు, ఇది నాలుగోది. బొప్పాయి పాలనుంచి తీసిన పొడి. ఉప్పునీళ్లలో కలిపి, కుట్టు వేసే ముందు కడుపులో పోస్తే పొరలు పుట్టవని మద్రాసులో ఆవిడ గురువు చెప్పారు. కడుపు మళ్లీ తెరిచి అతుకులు విడదీసి, మళ్లీ అతుక్కోకుండా ఈ మందు పోయవచ్చు. ఉట్టినే విడదీస్తే మళ్లీ అతుక్కుంటాయి.

"బొప్పాయి పాలా?" అంజమ్మ లేచి కూర్చుంది. "ముదురు మాంసం దెస్తె మేం పచ్చికాయ ముక్క ఏస్తం. మెత్తగైతది. మరిసి ఇడిసిపెడితె పోగులు పోగులైతది. కడుపుల వోస్తె, యాడ ఆగాల్నో దానికెట్ల ఎరుక?"

"బతికి ఉన్నదాన్ని తినదట. పొరను మాత్రమే తింటుందట."

"చెప్పినాయన సూసిండా?"

"కుక్కల్లో చూశారు."

"ఆడోల్లల్ల?"

డాక్టర్ సీసాను అల్మారాలో పెట్టారు. "ముగ్గురిలో పోశాను. ముగ్గురూ కుట్లు మాని ఇంటికి వెళ్లారు. తర్వాత సంగతి తెలీదు. నువ్వు సరే అంటే ఇది నీకు. మీ ఆయన వేలిముద్ర కావాలి. దవాఖాన నడిపే ట్రస్టు వాళ్ల నియమం."

ఆ సాయంత్రం దుర్గయ్య తింటున్నప్పుడు అంజమ్మ సంగతి చెప్పింది. దుర్గయ్య రొట్టె తుంచుతూ విన్నాడు. "ఒకపారి కోస్తెనె గిట్లయె. మళ్ల కోసుడేంది? అవ్వనడుగు." అవ్వ పక్కనే ఉంది, అడగనక్కర లేకపోయింది. "నెలదినాలు మంచంల వంటె రొట్టెలెవలు జేస్తరు? నేను జెయ్యాల్నా ఈ ఈడుల? అప్పుడు కోసుకుంటె పిల్లలు గాకుండ పాయె. ఇప్పుడు ఇంకేం తీపిచ్చుకుంటవ్?" దుర్గయ్య చేయి కడుక్కున్నాడు. వేలిముద్ర మాట మళ్లీ రాలేదు.

అంజమ్మ అంట్లు తోముతూ ఆలోచించింది. ఆమె ఆలోచన అత్త మాట మీద లేదు. ఆ మాట పాతది. పొరల మీద ఉంది. అవి ఏ రంగులో ఉంటాయి? వేలితో లాగితే వస్తాయా, కత్తి కావాలా? గడ్డ తీసిన అందరికీ పుడతాయా, తనకే పుట్టాయా? అందరికీ పుడితే వార్డులోంచి వెళ్లిన ఆడవాళ్లంతా ఎక్కడో ఓ గోడకు ఆనుకుని కూర్చుని ఉండాలి, వాళ్లనూ ఎవరో ఒకరు అంట్లు కడిగి పడుకొమ్మంటూ ఉండాలి. కొందరికే పుడితే, ఆ కొందరికీ మిగతావాళ్లకూ తేడా ఏమిటి? ఆరేళ్లుగా ఆమె ఆపరేషన్ గది బయట కూర్చుంది. లోపలికి వెళ్లిన గ్లౌజులు ఆమెవి, బయటికి వచ్చిన గ్లౌజులు ఆమెవి. నడుమ ఏం జరుగుతుందో ఆమె చూడలేదు. తన ఆపరేషన్ రోజు లోపలికి పోయింది గాని ముఖం మీద మందు గుడ్డ వేశారు.

17వ తేదీ శుక్రవారం పెద్దవంగరనుంచి సత్తమ్మ బండిలో వచ్చింది. 1949 సెప్టెంబరులో ఆమెకు గర్భసంచి గడ్డ తీశారు. మందు పోసిన ముగ్గురిలో ఆమె మూడోది. బండి దిగి మెట్లెక్కే ముందే కుడివైపు పట్టుకుని వంగింది. అంజమ్మ ఆ వంగడాన్ని గుర్తుపట్టింది.

"తిన్న గంటకా?" అంది.

"గంట ఆగదక్కా. నీకెట్ల ఎరుక?"

"రొట్టె తింటె ఎక్కువ గదా?"

"రొట్టె ఇడిసి ఏడాదైతుంది. కోయించుకున్న కోడలికి బువ్వ అక్కెరొస్తదని ఇంట్ల ఎక్కిరిస్తరు."

డాక్టర్ సత్తమ్మను చూసి, నొప్పి మందు ఇచ్చి, పత్యం చెప్పి పంపారు. తర్వాత రిజిస్టరు తెరిచి సత్తమ్మ పేరు పక్కన చుక్క పెట్టారు. మందు పోసినా అతుక్కున్నాయి. "మిగతా ఇద్దరూ ఎలా ఉన్నారో తెలిస్తే బాగుండును" అన్నారు. రిజిస్టరులో వాళ్ల ఊళ్లు ఉన్నాయి. ఒకామె బుచ్చమ్మ, భూపాలపల్లి వైపు అడవి పల్లె. 1949 జూన్‌లో ఆపరేషన్. కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టారని సైన్యం ఆ పల్లె ఖాళీ చేయించిందని, మనుషులను ఎక్కడికి పంపారో తెలియదని గేటు దగ్గర జవాను చెప్పాడు. రెండో ఆమె తుల్సీబాయి, మానుకోట దగ్గర తండా. 1949 మార్చి 8. తండా మీద కాల్పులు జరిగినప్పుడు కడుపులో తూటా దిగింది.

"మానుకోట నేను పోయొస్త" అంది అంజమ్మ.

"నువ్వా? నీకు ఈ నొప్పితో?"

"నొప్పి ఇంట్లున్నా ఒస్తది."

ఆమె ఒంటరిగా రైలెక్కడం అదే మొదటిసారి. 26 ఆదివారం తెల్లవారుజామున ఇరవైనాలుగు రొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. రెండు రోజులవి. "యాడికి?" అని అత్త అడిగితే "దవాఖాన పని" అంది. అబద్ధం కాదు. కాజీపేటలో బండి మారి పదకొండుకు మానుకోట చేరింది. స్టేషన్ బయట సిపాయిలు మూట విప్పమన్నారు. మూటలో గటక ముంత, ఒక చీర ఉన్నాయి. తండాకు మూడు మైళ్లు నడిచింది. నడుమ రెండుసార్లు కూర్చుంది.

తుల్సీబాయి గుడిసె ముందు రొట్టె కాలుస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె మొగుడు ధన్‌సింగ్ వరంగల్ జైల్లో ఉన్నాడు. అంజమ్మ పేరు, ఊరు చెప్పినా ఆమె చేయి ఆగలేదు.

"పోలీసోల్లు తోలిచ్చిన్రా?"

"లేదు. డాక్టరమ్మ తోలిచ్చింది. నీ కడుపెట్లున్నదో సూసి రమ్మన్నది."

"నా కడుపు సూడనీకె జనగామ కెల్లి ఒచ్చినవా?" తుల్సీబాయి నవ్వి పక్క గుడిసె వైపు అరిచింది. "ఓ కాళీ, ఇటు రాయే! కడుపులు సూసేటామె ఒచ్చింది!"

నడుం మీద బిందెతో ఒకామె వచ్చింది. అంజమ్మ ఆమె ముఖం గుర్తుపట్టింది, పేరు గుర్తురాలేదు. "నువ్వు మరిపెడ రాంజీ భార్యవు గదా" అంది. వార్డులో మంచానికి కట్టిన చీటీ మీద అట్లాగే ఉండేది.

"రాంజీ భార్యకు పేరుండదా? కాళి. నన్ను గూడ మీ కాడనె కోసిన్రు. పేగు మెలిక వడ్డదని. ఈ తుల్సి పక్క మంచమే. మా తండ కాలవెట్టినంక ఈడికొచ్చినం."

తుల్సీబాయి ఒక రొట్టె అంజమ్మ చేతిలో పెట్టింది. అంజమ్మ దాన్ని మోకాలి మీద పెట్టుకుంది.

"తినవేంది? మా చేతిది తినవా?"

"అది గాదు. తింటె నొస్తది. నాకు గూడ కోసిన్రు."

"నాకు తూటా దిగింది, నీకు దిగలె. నేను నాలుగు తింట. నీకేమొచ్చింది రోగం?"

"అదే సూస్తున్న" అంది అంజమ్మ.

ఇద్దరూ చీర పక్కకు జరిపి మచ్చలు చూపించారు. అంజమ్మ వేళ్లతో కొలిచింది. నొప్పి ఉందా అంటే లేదన్నారు. వాంతులు లేవు. తుల్సీబాయి రోజుకు పన్నెండు బిందెల నీళ్లు మోస్తుంది. కాళి నిన్న కట్టెలు కొట్టింది. తుల్సీబాయికి మందు పోశారు. ఆమె బాగుంది. అది సరే. కాళికి మందు పోయలేదు.

"నీకు మందు వోయలె కాళీ. రిజిస్టర్ల లేదు."

"పోయకున్న మంచిగనె ఉన్న. నేను మొదలే గట్టిదాన్ని."

"గట్టిదానివి! లోపలికి తీస్కపొయ్యే ముందు యాడీ యాడీ అని అమ్మను పిలుసుకుంట ఏడ్సింది నువ్వు గాదె?" తుల్సీబాయి అంది. "నేను ఏడ్వలె. డాక్టరమ్మ చేతులకెల్లి నీళ్లు కారుతుండె. నా కడుపు మీద సల్లగ పడ్డయి. సచ్చెటోల్లకు తానం పోస్తున్నరనుకున్న."

కాళి బిందె దించింది. "నా మీద గూడ పడ్డయి. ఆ చేతుల తొడుగులు దూరక డాక్టరమ్మ ఆంధ్రా మాటల తిట్టుడు నేను ఇన్న. నర్సమ్మ గుంజుతాంటె ఒకటి సర్రున చినిగె."

అంజమ్మ రొట్టె పక్కన పెట్టింది. "తడివా? తడి తొడుగులా?"

"నీళ్లల్లకెల్లి తీసి తొడుక్కున్నది. నేను కండ్లార సూసిన."

అంజమ్మకు ఆ మూడు వారాలు గుర్తున్నాయి. ఎప్పుడో చెప్పమంటే తేదీలతో చెప్పగలదు. 1949 మార్చి 5నుంచి 26 దాకా. రైల్వే సమ్మె జరుగుతుందని మాట పుట్టింది, పట్టాలు విప్పుతారని గ్యాంగ్‌మెన్లను రాత్రింబవళ్లు లైన్ మీదే పెట్టారు. దుర్గయ్య ఆ మూడు వారాలు ఇంటికి రాలేదు. అత్త తన బిడ్డ ఊరికి వెళ్లింది. అంజమ్మ ఆకలైనప్పుడు తిన్నది, పొద్దెక్కేదాకా పడుకున్నది. పెళ్లయ్యాక అన్ని రోజులు ఒక్కతే ఉండడం అప్పుడే. ఆ మూడు వారాలే గూడ్సు బండ్లు ఆగిపోయి సికింద్రాబాద్‌నుంచి పౌడర్ డబ్బా రాలేదు. ఉన్న డబ్బా అయిపోయింది. ఆమె గ్లౌజులు ఉడకబెట్టి నీళ్ల గిన్నెలోనే గదిలోకి పంపింది. వేళ్లు బొబ్బలెక్కాయి. డాక్టర్ విసుక్కున్నారు. మార్చి 26న డబ్బా వచ్చింది, దుర్గయ్యా వచ్చాడు. ఇది ఏ రిజిస్టరులోనూ లేదు. గ్లౌజుల గురించి రాసే గడి రిజిస్టరులో లేదు.

27 మధ్యాహ్నం తిరుగు బండిలో ఆమె లెక్కవేసుకుంది. సత్తమ్మకు మందు ఉంది, పౌడర్ ఉంది, నొప్పి ఉంది. తుల్సీబాయికి మందు ఉంది, పౌడర్ లేదు, నొప్పి లేదు. కాళికి రెండూ లేవు, నొప్పి లేదు. బుచ్చమ్మ సంగతి తెలియదు. ఇంకా మూడేళ్లుగా వంగి మెట్లెక్కిన ఆడవాళ్లను ఒక్కొక్కరినే తలచుకుంది. మార్చి వాళ్లు ఒక్కరూ లేరు. బండి కాజీపేట చేరేసరికి తన సంగతి గుర్తొచ్చింది. 1948 ఏప్రిల్ 20, మంగళవారం. ఆ రోజు తనకు ఆపరేషన్. గ్లౌజులు సిద్ధం చేయడం ఇంకెవరికీ రాదు. ఉదయం ఐదుకే వచ్చి, తన కడుపులోకి వెళ్లే మూడు జతలనూ తనే సిద్ధం చేసింది. డాక్టరమ్మ చేయి సులువుగా దూరాలని, ఎక్కడా చిరగకూడదని, మామూలు కంటే రెండు చిటికెళ్లు ఎక్కువ చల్లింది. తర్వాత చేతులు కడుక్కుని వెళ్లి బల్ల మీద పడుకుంది.

జనగామలో దిగి ఇంటికి పోలేదు. నేరుగా దవాఖానకు వచ్చి డాక్టర్‌కు అంతా చెప్పింది. డాక్టర్ మొదట ఒప్పుకోలేదు. పౌడర్ ఆవిరిలో కాగుతుందని, దానిలో ఏ పురుగూ బతకదని అన్నారు. "పురుగు గురించి అంటలేనమ్మా" అని అంజమ్మ ఒక ఏడో నంబరు జత తెచ్చింది. బల్ల మీద వేసే నల్ల రబ్బరు గుడ్డను వెడల్పు గిన్నెలో పరిచి నీళ్లు పోసింది. "తొడుక్కొని ఇందుల చెయ్యి పెట్టుండ్రి. కడుపుల పెట్టినట్టె." డాక్టర్ చేయి పెట్టి వేళ్లు కదిపి తీశారు. నల్ల గుడ్డ మీద తెల్లగా ఐదు వేళ్ల ఆనవాలు మిగిలింది. గిన్నె కదిపినా పోలేదు.

డాక్టర్ గిన్నె మీదికి వంగారు. "పన్నెండేళ్లుగా తొడుక్కుంటున్నాను. ఎప్పుడూ చూడలేదు."

"మీరు మీ చేతులు సూసుకోరు గదమ్మా. కడుపు సూస్తరు."

మర్నాటినుంచి గ్లౌజులు ఉడకబెట్టి తడిగా పంపమన్నారు. మద్రాసు గురువుకు ఉత్తరం రాశారు. ఇంటి దగ్గర అత్త "దవాఖాన పని రెండు దినాలా" అని అడిగింది. దుర్గయ్య "నీకెందుకు గవన్ని? ఊడిసి రాక" అన్నాడు. "ఊడిసినంకనె పోయిన" అంది అంజమ్మ.

1951 జనవరి 19న జవాబు వచ్చింది. దాంతోపాటు వైద్య పత్రికలోంచి కత్తిరించిన కాగితం ఉంది. గ్లౌజుల పౌడర్ రాతినుంచి వచ్చేదని, శరీరం దాన్ని అరిగించుకోలేదని, దాని చుట్టూ పొరలు పుడతాయని విదేశాల డాక్టర్లు ఏడెనిమిదేళ్ల కిందే రాశారు. కొన్నిచోట్ల మానేశారు కూడా. డాక్టర్ కాగితం చదివి తెలుగులో చెప్పారు. అంజమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. ఏడెనిమిదేళ్ల కిందే అన్న మాట దగ్గర ఆపి, ఏ సంవత్సరమో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తన ఆపరేషన్ దాని తర్వాతే.

"సరే, నీ ఆపరేషన్ పెట్టుకుందాం" అన్నారు డాక్టర్. "మీ ఆయనను తీసుకురా."

అంజమ్మ రిజిస్టరు అడిగి తీసుకుని 1949 మార్చి పేజీ తీసింది. భర్త సంతకం అన్న గడిలో వేలిముద్ర ఉంది. "ఇది ఎవలి ఏలమ్మా?"

"తుల్సీబాయిదే. అప్పటికే ధన్‌సింగ్‌ను తీసుకుపోయారు కదా."

"మొగడు జైల్ల ఉంటె ఆడిదాని ఏలు నడుస్తది. ఇంట్ల ఉంటె నడవదా?"

డాక్టర్ పేజీ చూశారు. కలం ఆమె ముందుకు జరిపారు. అంజమ్మ వేలిముద్ర వేయలేదు. పేరు రాసింది.

డాక్టర్ కలం తీసుకోలేదు, ఇంకో మాట ఉందన్నారు. "పౌడర్ మానేస్తాం. కానీ ఆ నాలుగో సీసా కూడా పోస్తే, నువ్వు బాగుపడ్డాక ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. సీసా ఉంచేద్దాం. ఒక్కటే మారిస్తే తెలుస్తుంది. ఎంతమందికి పనికొస్తుందో."

అంజమ్మకు ఆ మాట అర్థమైంది. అర్థం కావడమే కాదు, అది ఆమె అడగవలసిన ప్రశ్న. రెండు నెలలుగా నిద్రలో కూడా అదే. బొప్పాయి పాలు పొరనే తింటాయా, ఎక్కడ ఆగుతాయి, సత్తమ్మకు ఎందుకు ఆగలేదు. జవాబు కావాలంటే దారి అదే. ఎవరో ఒకరి కడుపు కావాలి. ఆమె తన ముప్పై నాలుగేళ్లు తిరగేసి చూసుకుంది. పిల్లలు కలగలేదని అత్త ఆ కడుపును లెక్కలోంచి తీసేసింది. దాన్ని కోయడానికి దుర్గయ్య వేలు ముద్రవేసింది. దాన్ని నింపే రొట్టెలు వేరేవాళ్ల కడుపులు నింపాయి. ఇప్పుడు తెలుసుకోవడానికి అడుగుతున్నారు. మిగతావాటి కంటే ఇది మంచి కారణమే.

"అది ఎరుకైతె మంచిదే అమ్మా. గని నా కడుపుల గాదు. రెండూ చెయ్యుండ్రి."

"అందరికంటే నీకే కదా తెలుసుకోవాలని ఎక్కువ?"

"ఉన్నది. రొట్టె తినాలని ఇంకెక్కువున్నది."

ఫిబ్రవరి 6, మంగళవారం ఉదయం ఐదుకు అంజమ్మ దవాఖానకు వచ్చింది. మూడు జతలు ఉడకబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చి, గిన్నె మూతపెట్టింది. ఎనిమిదింటికి దుర్గయ్య వచ్చాడు. అవ్వ ఒప్పుకుందని, వేలిముద్ర వేయడానికి వచ్చానని నర్సుతో చెప్పాడు. అక్కరలేదని నర్సు చెప్పింది. "నా ఏలు లేకుండనెట్ల?" అన్నాడు. నర్సు రిజిస్టరు చూపించింది. అతనికి చదువు రాదు. చాలాసేపు ఆ గడిని చూసి, బయట గేటు దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాడు.

ఆపరేషన్ రెండు గంటల పది నిమిషాలు పట్టింది. పేగు మూడుచోట్ల అతుక్కుని ఉంది. మూడుచోట్లా విడదీశారు. కుట్టు వేసే ముందు నాలుగో సీసా పోశారు. తీసిన పొర ముక్కను గాజు సీసాలో ఉంచారు. నాలుగో రోజు అంజమ్మ అది చూపించమంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. పొరలో రవ్వ గింజల్లాంటివి కనిపించాయి. లెక్కపెట్టింది. పదకొండు. "నేను సల్లినవే" అంది. సీసా చేతిలో పట్టుకుని, పొర ఏ రంగులో ఉందో, ఎంత మందం ఉందో వార్డులో అందరికీ చూపించింది. ఏడో రోజు కుట్లు తీశారు. ఇరవై ఐదు రోజులు మంచంలో ఉంది. ఆ ఇరవై ఐదు రోజులూ ఇంట్లో రొట్టెలు అత్త చేసింది.

మార్చిలో దవాఖానకు కొత్త రిజిస్టరు వచ్చింది. డాక్టర్ ఫిబ్రవరినుంచి జరిగిన ఆపరేషన్లన్నీ అందులోకి ఎక్కించారు. పాతదానిలో లేని గడులు రెండు గీశారు. ఒకటి గ్లౌజులు సిద్ధం చేసినవారు. రెండోది ఆరు నెలల తర్వాత. ఫిబ్రవరి 6 వరసలో రోగి పేరు అంజమ్మ. అనుమతి ఇచ్చినవారు అంజమ్మ. గ్లౌజులు సిద్ధం చేసినవారు అంజమ్మ, తడి. చివరి గడిలో 1951 ఆగస్టు 7 తేదీ ఉంది. దాని కింద అంజమ్మ చేతిరాత: రెండు రొట్టెలు తిన్న.